కలం ఎవరిది?

సందేహం: 'కలం' సంస్కృతమని మా మాస్టారు, ఉర్దూ అని మా మిత్రుడు వాదించుకుంటున్నారు. 'కలమశాలి'లో ఉన్నది ఈ కలమేనా? 'కళంకారీ' అని రాయవచ్చా?

సమాధానం: రాయకూడదు. ఫార్సీలో 'కారీ' అంటే పని. కలంతో చేసే పని కనుక కలంకారీ. అందులో కళ ఉంది కదా అని 'ళ' తగిలిస్తే కళంకం గుర్తొస్తుంది. ప్రకటనలు రాసేవాళ్లు చక్కని బట్టకు చేజేతులా మచ్చ అంటగడుతున్నారు.

ఇక అసలు సంగతి. గ్రీకులో 'కలమోస్' అంటే రెల్లు. రెల్లుపుల్ల చెక్కి రాసేవారు కాబట్టి ఆ పుల్లకూ అదే పేరు. అది అరబ్బీలో 'ఖలమ్' అయింది. ఖురాన్‌లో 68వ సూరా (అధ్యాయం) పేరు అదే. ఫార్సీ, ఉర్దూల మీదుగా మన చేతికొచ్చింది. 'మాట' అనే అర్థమున్న అరబ్బీ 'కలామ్' వేరు. అబుల్ కలాం ఆజాద్ పేరులో ఉన్నది ఆ 'కలామ్'. ఈ రెంటినీ కలిపేయకండి.

పాత తెలుగులో కలమంటే ఓడ. తమిళంలోనూ అంతే, అక్కడ పాత్ర అని కూడా.

సంస్కృత 'కలమం' మాత్రం వరి. మీరడిగిన 'కలమశాలి'లో ఉన్నది ఇదే. 'శాలయః కలమాద్యాశ్చ' (కలమం మొదలైనవి శాలులు, అంటే వరి రకాలు) అన్నాడు అమరకోశం రాసిన అమరసింహుడు. కానీ ఈ మాట రుచి తెలియాలంటే నిఘంటువు మూసి కాళిదాసు రఘువంశం నాలుగో సర్గ తెరవాలి. రఘువు దిగ్విజయంలో వంగ (బెంగాల్) రాజులను ఓడించి, పదవుల నుంచి పెరికి, మళ్లీ అక్కడే నిలబెట్టాడు.

ఆపాదపద్మప్రణతాః కలమా ఇవ తే రఘుమ్
ఫలైః సంవర్ధయామాసురుత్ఖాతప్రతిరోపితాః

'ఉత్ఖాతప్రతిరోపితాః' అంటే పీకి తిరిగి నాటబడినవారు. నారు పీకి నాట్లు వేయడాన్ని ఒక్క సమాసంలో బిగించాడు మహానుభావుడు! నాటిన వరి ఏపుగా పెరిగి, కంకి బరువుకు మొదలు దాకా వంగి, ఫలమిస్తుంది. ఆ రాజులూ కాళ్ల దాకా వంగి కప్పం కట్టారు. 'ఫలైః' రెండు వైపులా పనిచేస్తుంది. దీని ముందు శ్లోకంలో వంగులు 'నౌసాధనోద్యతులు', అంటే ఓడలతో పోరుకు దిగినవారు. కలాలెక్కి వచ్చినవాళ్లు మరుసటి శ్లోకంలో కలమాలయ్యారు! కాళిదాసుకు మన కలం తెలుసని నేననను. తెలుగువాడిగా చదువుకుంటే ఆ అందం అదనం. ఇవాళ ఉపమానమంటే ముఖానికి చంద్రుణ్ని అతికించడమే అనుకుంటున్న కవులు ఈ శ్లోకం ఒకసారి చదవాలి.

మీ మాస్టారి వాదం పూర్తిగా కొట్టిపారేయలేం. తర్వాతి సంస్కృత కోశాలు కలమ శబ్దానికి లేఖిని అర్థం కూడా ఇచ్చాయి. అయినా మనం జేబులో పెట్టుకునే కలం అన్యదేశ్యమనే, అంటే పరభాష నుంచి వచ్చిన మాటనే నా మొగ్గు. అన్యదేశ్యం కదా అని దాన్ని వెళ్లగొట్టి 'లేఖిని' వాడమంటే మాత్రం ఒప్పుకోను. 'కలంపేరు'ను 'లేఖినీనామం' చేస్తే ఎవరికి అర్థమవుతుంది?