72 కార్డుల మిల్ డెక్: ముందు బరువు తగ్గించండి

మ్యాజిక్: ది గాదరింగ్ అనే కార్డుల ఆటలో, ప్రత్యర్థి కార్డుల కట్టను ఖాళీ చేసి గెలిచే (మిల్) మీ సొంత డెక్, చిన్న జీవులతో వేగంగా దాడిచేసే దూకుడు డెక్‌ల ముందు చతికిలపడుతోందన్నారు. ఆలోచనకేం, బాగానే ఉంది. 2018లో ఇలాంటిదే లాంటర్న్ కంట్రోల్ అనే విడ్డూరపు డెక్, ఈ ఆటలోని పెద్ద పోటీ అయిన ప్రో టూర్‌నే గెలిచింది! చిక్కంతా మీ డెక్‌లోని 72 కార్డులతోనే. కీలకమైన కార్డు రెండే ప్రతులు పెట్టారు కదా, మొదటి ఏడు కార్డుల్లో అది కనిపించే అవకాశం సుమారు 19 శాతం. డెక్‌ను 60కి కుదించి నాలుగు ప్రతులు పెడితే 40 శాతం. ముచ్చటపడి ఒక్కొక్కటిగా చేర్చుకున్న కార్డులను నిర్దాక్షిణ్యంగా తీసేయండి. వాటిలో కొన్నింటి స్థానంలో ఒకటి రెండు మానాతో (కార్డులు ఆడటానికి ఖర్చుపెట్టే శక్తి) చిన్న జీవులను చంపే మంత్రాలు చేర్చండి. సైడ్‌బోర్డులోని (ఆటకూ ఆటకూ మధ్య మార్చుకునేందుకు పక్కన ఉంచే) 15 కార్డులను అన్ని డెక్‌లకూ తలా కొంచెం పంచవద్దు. ఎక్కువ భాగం మిమ్మల్ని ఓడిస్తున్న ఈ దూకుడు డెక్‌లకే కేటాయించండి.