ట్యూబ్ ఆంప్‌లో 8 ఓమ్‌ల ట్యాప్‌కి 16 ఓమ్‌ల స్పీకర్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కొంపేం మునగదు. (ట్యాప్ అంటే స్పీకర్ తగిలించడానికి ఆంప్‌లో ఓమ్‌లు రాసి ఉండే కనెక్షన్.) కాకపోతే పవర్ కాస్త తగ్గుతుంది, సౌండ్ కొంచెం మారుతుంది.

ఆంప్‌లో సిగ్నల్‌ని పెంచే వాక్యూమ్ ట్యూబ్‌కి నేరుగా స్పీకర్ తగిలిస్తే పని జరగదు. దానికి వేల ఓమ్‌ల లోడ్ కావాలి, స్పీకర్ దగ్గరున్నది ఎనిమిదో పదహారో. ఈ తేడాను సర్దేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. దాంట్లో ట్యూబ్ వైపు చుట్లకీ స్పీకర్ వైపు చుట్లకీ నిష్పత్తి 25కి 1 అనుకుందాం. ఇంపీడెన్స్ (ఏసీ సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) ఆ నిష్పత్తి వర్గం చొప్పున, అంటే 625 రెట్లు మారుతుంది. 8 ఓమ్‌ల స్పీకర్ ట్యూబ్‌కి 5,000 ఓమ్‌లుగా కనబడుతుంది. అదే ట్యాప్‌కి 16 ఓమ్‌లది తగిలిస్తే 10,000 అవుతుంది, 4 ఓమ్‌లదైతే 2,500. ట్యాప్ మీద రాసిన 8 అనేది ట్రాన్స్‌ఫార్మర్ సొంత ఇంపీడెన్స్ అనుకుని చాలామంది తికమకపడతారు. అక్కడున్నది నిష్పత్తి మాత్రమే.

లోడ్ ఓమ్‌లు మరీ తగ్గితే ట్యూబుల్లో కరెంట్ పెరిగి త్వరగా అరుగుతాయి. రెండింతల తేడాను మంచి ట్రాన్స్‌ఫార్మర్ సాధారణంగా తట్టుకుంటుంది. అయినా ఫుల్ వాల్యూమ్‌లో గంటల తరబడి వాయించడం నేనైతే చేయను.

అసలు భయపడాల్సింది స్పీకరే లేకుండా వాయించడానికి. ట్యూబ్ వైపున్న ప్రైమరీ చుట్టలో వోల్టేజి విపరీతంగా ఎగసి ఇన్సులేషన్ దెబ్బతినొచ్చు, ట్యూబ్ సాకెట్‌లో నిప్పురవ్వ దూకొచ్చు. ట్రాన్సిస్టర్ ఆంప్ స్పీకర్ లేకపోయినా మామూలుగా ఊరుకుంటుంది. ఆ అలవాటుతోనే కొందరు పప్పులో కాలేస్తారు.

ఇంకోటి, మల్టీమీటర్‌లో 8 ఓమ్‌ల స్పీకర్ ఆరు చూపిస్తే చెడిపోయిందనుకోకండి. మీటర్ కొలిచేది డీసీ నిరోధాన్నే, ఇంపీడెన్స్‌ని కాదు. రెండు 8 ఓమ్‌లవి సమాంతరంగా కలిపితే 4, వరుసగా కలిపితే 16. ట్యాప్ ఆ లెక్కన ఎంచుకోండి.