ఫోన్‌లో 260, సెంటర్‌లో 430: పైలట్ కోరిక వదులుకోవాలా?

ప్రశ్న: మా అబ్బాయికి పైలట్ కావాలని పట్టుదల. ఫోన్‌లో రంగు మారగానే నొక్కే ఆటలో వాడికి 260 మిల్లీసెకన్లు వస్తుంది. కోచింగ్ సెంటర్ మాక్ టెస్ట్‌లో కంప్యూటర్ మీద నాలుగు రంగులు, నాలుగు మీటలు. అక్కడ సగటు 430 వచ్చింది. రిఫ్లెక్సులు మందం, ఈ లైన్ పనికిరాదన్నారు. వేరే దారి చూసుకోమనాలా? - ఒక తల్లి

జవాబు: అంత తొందర వద్దమ్మా. అసలు ఆ రెండు అంకెలూ పోల్చదగ్గవి కావు.

ఫోన్‌లో వాడు చేసేది ఒక్కటే పని: రంగు మారితే నొక్కడం. సెంటర్‌లో అయితే ఏ రంగు వచ్చింది, దానికి ఏ మీట నొక్కాలి అని తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడానికి టైమ్ పడుతుంది. 1868లోనే డచ్ శాస్త్రవేత్త డాండర్స్ ఈ తేడాను కొలిచాడు. ఎంపికలు పెరిగేకొద్దీ ఆలస్యం ఎలా పెరుగుతుందో 1952లో బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త హిక్ లెక్కగట్టాడు. వెలుగు కనబడగానే నొక్కడానికి యువతకు సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. నాలుగింటిలో ఒకటి ఎంచుకోవాలంటే 400 దాటడం మామూలే. మీవాడి 430లో నాకు మందకొడితనమేమీ కనబడలేదు.

పైగా ఆ 260 కూడా పూర్తిగా మీవాడిది కాదు. సెకనుకు 60 సార్లు మారే తెర మీద బొమ్మ రావడానికే 16 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం కావచ్చు, టచ్ స్క్రీన్ ఇంకాస్త కలుపుతుంది. బొమ్మ మసకగా ఉన్నా, చూపుకి పక్కగా వచ్చినా స్పందన నెమ్మదిస్తుంది. నిద్ర చాలకపోతే సరేసరి. వెనక ఎవరో నిలబడి చూస్తుంటే వచ్చే టెన్షన్ వేరు: బాగా అలవాటైన పనిలో అది ఊపునివ్వచ్చు, కొత్త పనిలో తడబాటు తెస్తుంది.

ఇలాంటి లెక్కతో ఉద్యోగాలే పోయాయి. టెలిస్కోప్‌లోని గీతను నక్షత్రం దాటే క్షణాన్ని తనకంటే సుమారు 0.8 సెకను ఆలస్యంగా నమోదు చేస్తున్నాడని, 1796లో ఇంగ్లండ్‌లోని గ్రీనిచ్ అబ్జర్వేటరీ అధిపతి మాస్కెలిన్ తన సహాయకుడు కిన్నెబ్రూక్‌ను తీసేశాడు. ఆరితేరిన ఖగోళ శాస్త్రవేత్తల మధ్య కూడా అలాంటి తేడాలుంటాయని తర్వాత జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెస్సెల్ చూపించాడు. అప్పటికి కిన్నెబ్రూక్ ఉద్యోగం ఎప్పుడో పోయింది పాపం.

సెంటర్‌వాళ్లను సగటు కాదు, ఒక్కో ప్రయత్నానికి ఎంత పట్టిందో అడగండి. 380, 390, 400, 410 వచ్చి, ఐదోసారి ఎటో చూస్తూ 900 తెచ్చుకుంటే సగటు 496 అవుతుంది. వరుసలో పేర్చి నడిమి అంకె చూస్తే 400. ఎన్ని తప్పులు చేశాడో కూడా అడగండి. తప్పుల్లేని 430 ముందు, తప్పుల తడకగా వచ్చిన 350 నా దృష్టిలో దండగ.

తర్వాత అదే టెస్టు, అదే కంప్యూటర్ మీద, బాగా నిద్రపోయిన రోజుల్లో మళ్లీ రాయించండి. మొదటి రౌండు అలవాటు కోసమే, లెక్కలోకి తీసుకోవద్దు. అప్పుడు కూడా మధ్యమధ్యలో అర సెకను దాటే జవాబులు చాలా వస్తుంటే నిద్ర సంగతి, కంటి చూపు సంగతి డాక్టర్‌కు చూపించండి. ఫోన్ ఆట మాత్రం కాలక్షేపానికే ఉంచుకోమనండి.

ఇంతకీ కమర్షియల్ పైలట్ కావాలంటే క్లాస్ 1 మెడికల్ అనే ఆరోగ్య పరీక్ష పాసవ్వాలి, అందులో రంగుల చూపును కూడా పరీక్షిస్తారు. శిక్షణకు ఫీజు కట్టేముందు ఆ పరీక్ష చేయించండి. మీవాడు ఈ లైన్‌కు పనికొస్తాడా లేదా అన్నది ఆ మాక్ టెస్ట్ కంటే అదే గట్టిగా చెబుతుంది.