మనవాళ్లు తగ్గితే మాల్దీవులు చౌకైనట్టేనా?

ప్రశ్న: మన దేశం నుంచి మాల్దీవులకు వెళ్లేవాళ్లు బాగా తగ్గారట. ఫిబ్రవరిలో ఇద్దరం నాలుగు రాత్రులు ఉండొద్దామనుకుంటున్నాం. తక్కువలో అయిపోతుందా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: మీరు విన్నది 2024 సంగతి. అంతకు ముందు ఏడాది మాల్దీవులకు అందరికంటే ఎక్కువగా వెళ్లింది మనవాళ్లే, 2 లక్షల పైచిలుకు. 2024 జనవరిలో అక్కడి ఉపమంత్రులు ముగ్గురు మన ప్రధాని మీద నోరు జారడంతో చాలామంది ప్రయాణాలు మానుకున్నారు. ఆ ఏడాది మన సంఖ్య సుమారు 1.3 లక్షలకు పడిపోయింది. అయితే చైనా వాళ్లు మొదటి స్థానానికి వచ్చారు, మొత్తం పర్యాటకులు 20 లక్షలు దాటారు. గదులు నిండుతుంటే ధర ఎందుకు దిగుతుంది? పైగా ఫిబ్రవరి అక్కడ వానలు లేని గిరాకీ కాలం. మే నుంచి అక్టోబరు దాకా రేట్లు తగ్గుతాయి, కాకపోతే వానకూ అలలకూ సిద్ధపడాలి.

గది రేటు చూసి బడ్జెట్ వేసుకోకండి. 100 డాలర్ల గదికి 10 శాతం సర్వీస్ చార్జి కలిసి 110, దాని మీద 17 శాతం పన్నుతో 128.70 అవుతుంది. గ్రీన్ ట్యాక్స్ (పర్యావరణ పన్ను) వేరు. రిసార్టులో మనిషికి రాత్రికి 12 డాలర్లు, అంటే మీ ఇద్దరికి నాలుగు రాత్రులకు 96. ఊళ్లున్న దీవుల్లోని చిన్న గెస్ట్‌హౌస్‌లో సగమే, 48.

అసలు దెబ్బ తగిలేది రాజధాని మాలే నుంచి దూరపు రిసార్టులకు తీసుకెళ్లే సీప్లేన్ (నీటి మీద దిగే చిన్న విమానం) దగ్గర. అది పగటిపూటే ఎగురుతుంది. మీ విమానం మధ్యాహ్నం మూడున్నర దాటాక మాలేలో దిగితే ఆ రాత్రి అక్కడే సొంత ఖర్చుతో ఆగాల్సి రావచ్చు. టికెట్ కొనకముందే రిసార్టును అడగండి. మాఫుషి లాంటి దగ్గరి దీవికైతే స్పీడ్‌బోటు చాలు. నా సలహా అదే.

వీసా ముందుగా అక్కర్లేదు. ప్రయాణానికి 96 గంటల లోపు ‘ఇముగా’ అనే ప్రయాణికుల వివరాల ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి, దానికి రుసుము లేదు. వరంగల్ నుంచి శంషాబాద్‌కు రోడ్డు మీద నాలుగు గంటలు పెట్టుకోండి.

ప్రశ్న: చిన్న వెంకన్న విగ్రహం ఎప్పుడూ నా సంచిలో ఉంటుంది. మాల్దీవులకు పట్టుకెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: వద్దు, ఇంట్లోనే పెట్టి వెళ్లండి. పూజా విగ్రహాలు అక్కడి కస్టమ్స్ నిషేధ జాబితాలో ఉన్నాయి. మద్యం కూడా అంతే. డ్యూటీఫ్రీలో కొన్న సీసానైనా మాలేలో తీసి పెట్టుకుంటారు. ఇచ్చిన రసీదు దాచుకుంటే తిరిగొచ్చేటప్పుడు అప్పగిస్తారు.