1954 నాటిదని అమ్మిన పెన్ను ఆనాటిది కాదు: డబ్బు వెనక్కి వస్తుందా?

సందేహం: మా నాన్నగారు హెడ్‌మాస్టరుగా చేశారు. ఆయన సంతకమంటే పార్కర్ జాటర్ పెన్నే గుర్తొస్తుంది. ఆ జ్ఞాపకం కోసం, రోజూ రాసుకోవడానికీ దాచుకోవడానికీ ఉంటుందని, పాత పెన్నులు అమ్మే హైదరాబాదు దుకాణం ఒకదాని నుంచి 19 నెలల క్రితం ఆన్‌లైన్‌లో ‘1954 ఫస్ట్ ఇయర్ జాటర్’ కొన్నాను. రూ.24,500 యూపీఐలో కట్టాను. పెన్నుల గురించి తెలిసిన మిత్రుడు రెండు నెలల క్రితం చూసి, ఇది ఆ కాలానిది కాదన్నారు. దుకాణదారును అడిగితే ‘నో రిటర్న్స్ అని ముందే చెప్పాం, వచ్చే నెల వేరే పీసు ఇస్తాం’ అంటూ తిప్పుతున్నాడు. డబ్బా, బిల్లు పారేశాను. నిద్ర పట్టడం లేదు. మానసిక క్షోభకు రూ.5 లక్షలు అడగవచ్చా? దీన్నే 1954ది అని చెప్పి ఇంకొకరికి అమ్మేయమని బంధువు ఒకాయన సలహా. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, గుంటూరు

సలహా: నాన్నగారి సంతకం మీ కేసును నిలబెట్టదు. నిలబెట్టేది ఒకటే: ‘1954’ అన్న మాటను అమ్మినవాడు రాతలో ఇచ్చాడా, ఆ రాత మీ చేతిలో ఉందా? ‘పాత పార్కర్ పెన్ను’ అని మాత్రమే అమ్మి ఉంటే మీకు కేసు లేదు, ఎందుకంటే మీకు వచ్చింది కూడా పాత పార్కర్ పెన్నే. ‘1954 ఫస్ట్ ఇయర్’ అని ప్రకటనలోనో వాట్సాప్‌లోనో ఉంటే అది వర్ణన చూసి కొన్న సరుకు. వర్ణనకు సరిపోయే సరుకు ఇచ్చి తీరాలని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. ఫలానా మోడల్ అని అబద్ధం చెప్పి అమ్మడం వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. ‘నో రిటర్న్స్’ అన్న రెండు ముక్కలు దీన్ని కప్పిపుచ్చలేవు. నచ్చలేదని వెనక్కి ఇవ్వడం వేరు, చెప్పిన సరుకు బదులు మరొకటి రావడం వేరు.

పెన్ను వయసు విషయంలో మీకు పెద్ద కష్టం లేదు. మీరు పంపిన ఫొటోల్లో క్లిప్పు మీద బాణం ఉంది, బ్యారెల్ నున్నగా ఉంది, టోపీ (పెన్ను పై సగం) అంచున ‘మేడ్ ఇన్ యూకే’ పక్కన ‘ఏ’ అక్షరం, రెండు నిలువు గీతలు ఉన్నాయి. తొలి ఏడాది జాటర్‌కు గాడులున్న నైలాన్ బ్యారెల్ ఉండేది. బాణం క్లిప్పు ఆ తర్వాత కొన్నేళ్లకు వచ్చింది. ఇక ఆ అక్షరం: 1980 నుంచి పార్కర్ వాడిన తేదీ గుర్తుల్లో ‘క్వాలిటీ పెన్’ అన్న ఇంగ్లిషు మాటలోని పది అక్షరాలు వరసగా పది అంకెలు, అక్షరం సంవత్సరంలోని చివరి అంకెను చెబుతుంది. క్యూ 0, యు 1, ఏ 2, ఎల్ 3, ఐ 4, టి 5, వై 6, పి 7, ఇ 8, ఎన్ 9. గీతల పద్ధతి 1987లో మొదలైంది. మూడు గీతలుంటే మొదటి త్రైమాసికం, రెండుంటే రెండోది, ఒకటుంటే మూడోది, ఏమీ లేకుంటే నాలుగోది. అంటే మీది 1992దో 2002దో అయ్యుండాలి. ఏది అయినా 1954 కాదు. పాత పెన్నులు తెలిసిన వ్యక్తి ఒకరి చేత ఇదే విషయం అఫిడవిట్‌గా రాయించి జతచేయండి.

ఒక మాట కటువుగానే చెప్పాలి. పెన్ను వచ్చిన రోజే టోపీ అంచున భూతద్దం పెట్టి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు. రూ.24,500 పోసి కొన్న వస్తువు బిల్లు పారేయడం ఏమిటి? ఇప్పుడైనా చెడగొట్టకండి. దాంతో రాయడం ఆపండి. మెటల్ పాలిష్ పెడితే అంచున ఉన్న ఆ సన్నటి గుర్తు అరిగిపోతుంది, మీ ప్రధాన సాక్ష్యం మీ చేతులతోనే పోతుంది. పది రెట్ల లెన్సుతో టోపీ అంచు, క్లిప్పు, మరలు, రిఫిల్ ఫొటోలు తీసి, పెన్నును కాగితం కవరులో పెట్టండి.

వాట్సాప్ సంభాషణను ఫొటోలతో సహా ఎక్స్‌పోర్ట్ చేయండి. డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉంటే ఇప్పుడే ఆపండి. ఆ ఫోను మార్చకండి, అమ్మకండి. దుకాణం పేజీలో ప్రకటన ఇంకా ఉంటే లింకు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. బిల్లు లేని లోటును యూపీఐ లావాదేవీ నంబరున్న బ్యాంకు స్టేట్‌మెంటు, కొరియర్ ట్రాకింగ్ చాలావరకు పూడుస్తాయి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ (ఇప్పటి సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. అందులో రెండు భాగాలు: ఒకటి మీరు, రెండోది ఎలక్ట్రానిక్ సాక్ష్యం తెలిసిన నిపుణుడు సంతకం చేయాలి. ‘వేరే పీసు ఇస్తాం’ అన్న మెసేజి బంగారం, మీ ఆరోపణను అతను కాదనలేదనడానికి అదే రుజువు.

అన్నిటికన్నా నన్ను కలవరపెడుతున్నది గడువు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం, ఫిర్యాదుకు కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు వేయాలి. మోసం రెండు నెలల క్రితమే తెలిసిందని మీరంటారు. గుర్తు మొదటి రోజు నుంచీ టోపీ మీదే ఉంది, చూడకపోవడం మీ తప్పని అవతలివారు అంటారు. ఆ వాదనకు అవకాశమే ఇవ్వకండి. పెన్ను అందిన రోజు నుంచే లెక్క వేసుకుంటే మీకు మిగిలింది ఐదు నెలలు. అతని ‘వచ్చే నెల’ కబుర్లతో గానీ, నోటీసుతో గానీ, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు చేసిన ఫిర్యాదుతో గానీ ఆ గడియారం ఆగదు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలు చట్టంలో ఉంది, దాని మీద ఆధారపడి కూర్చోవడం అవివేకం.

మీ బంధువు సలహా మాత్రం చెవిన పెట్టకండి. 1954ది అని తానూ నమ్మే అమ్మానని దుకాణదారు చెప్పుకోగలడు. మీకు ఆ దారి లేదు. కాదని తెలిసి మీరు అదే మాట చెప్పి అమ్మితే అది భారతీయ న్యాయ సంహిత (ఇప్పటి శిక్షా చట్టం) 318వ సెక్షన్ కింద వంచన, మీ సొంత ఉత్తరమే దానికి సాక్ష్యం. పైగా తిరిగి అమ్మడానికి కొన్నవారు వినియోగదారు కారు. రోజూ రాసుకోవడానికి కొన్నానన్న మీ మాటకూ దెబ్బ తగులుతుంది.

చేయవలసింది ఇది. ‘1954’ అని అతను రాసిన వాక్యాన్ని, టోపీ మీది గుర్తును ఎత్తి చూపుతూ స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి, 15 రోజుల గడువు చాలు. సొమ్ము రాకపోతే అఫిడవిట్‌తో గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. మీరు ఉండే చోటే వేయవచ్చు, హైదరాబాదు వెళ్లనక్కర్లేదు. వినియోగదారుల ఫిర్యాదులకున్న ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ఇ-జాగృతిలోనూ వేయవచ్చు. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, వకీలు లేకుండానూ వాదించుకోవచ్చు. రూ.24,500 వడ్డీతో వాపసు అడగండి. 19 నెలలు ఉంచుకుని వాడారు కనుక పెన్నును స్వీకరించినట్టేనని అవతలివారు అంటారు. అందుకని ప్రత్యామ్నాయంగా, 1954 పెన్ను ధరకూ ఈ పెన్ను అసలు ధరకూ ఉన్న తేడా కూడా అడగండి. ఈ మోడల్ ఇప్పుడు ఎంతకు అమ్ముడుపోతోందో చూపే రెండు మూడు ప్రకటనలు జతచేయండి. క్షోభకు, ఖర్చులకు ఒక మోస్తరు మొత్తం చాలు. రూ.24,500 పెన్నుకు రూ.5 లక్షలు రాస్తే మిగతా ఫిర్యాదు మీదా నమ్మకం సడలుతుంది.

ఈసారి కొనేటప్పుడు డబ్బు కట్టకముందే టోపీ అంచు, క్లిప్పు, మరలు, బయటికి తీసిన రిఫిల్ దగ్గరి ఫొటోలు అడగండి. బిల్లులో సంవత్సరం రాయించండి. పార్సిల్ విప్పడం ఆపకుండా వీడియో తీయండి. వాడే ఉద్దేశం ఉంది కాబట్టి బ్యారెల్ మూతి దగ్గర పగుళ్లు చూడండి, ఇరవై సార్లు నొక్కి మీట పట్టు చూడండి. లోపలున్న పాత రిఫిల్ సిరా గడ్డకట్టి ఉండవచ్చు, లేదా కారి లోపలంతా పాడు చేయవచ్చు. తీసి విడిగా దాచి, ఇప్పటి పార్కర్ రిఫిల్ వేసుకోండి, జాటర్‌లో అది సరిగ్గా పడుతుంది.