నాగకన్య మెడ కింద ఏముంది?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. అంతర్వేది తీర్థానికి వెళ్లినప్పుడు ఒక డేరాలో టికెట్ తీసుకుని నాగకన్యను చూశాం. అమ్మాయి తల, కింద పాము ఒళ్లు. పేరు అడిగితే చెప్పింది, నవ్వింది కూడా. మా పెద్దమ్మాయి అంతా మోసమంటుంది. తొమ్మిదేళ్ల మా బాబు మాత్రం ఎవరి శాపం వల్లో ఆమె అలా అయిపోయిందని ఆ రాత్రంతా నిద్రపోలేదు. అసలు ఎలా చేస్తారండి? (ఒక గృహిణి)

జవాబు: ముందు బాబుకు చెప్పండమ్మా, ఆ అమ్మాయికి కాళ్లూ చేతులూ అన్నీ ఉన్నాయి, ఆట అయ్యాక డేరా వెనక కూర్చుని అందరిలాగే అన్నం తింటుంది. తల ఆమెది, పాము ఒళ్లు బొమ్మ, ఆమె ఒంటిని దాచింది అద్దం.

ఒక్కో డేరాలో ఒక్కో రకంగా అమర్చుకుంటారు గానీ, దీని మూలం చాలా పాతది. 1865లో లండన్‌లో స్టోడేర్ అనే ఇంద్రజాలికుడు మూడు కాళ్ల బల్ల మీద ఒక పెట్టె పెట్టి తలుపు తెరిచేవాడు, లోపల ఈజిప్టు వేషంలో ఉన్న తల ఒక్కటే కళ్లు తెరిచి మాట్లాడేది. బల్ల కింద ఖాళీగా, వెనకున్న తెర దాకా కనిపించేది. నిజానికి బల్ల ముందు కాలు నుంచి వెనక రెండు కాళ్ల దాకా రెండు అద్దాలు ఏటవాలుగా నిలబెట్టారు, వాటిలో కనపడేది పక్క తెరల నీడ. పక్కనా వెనకా ఒకే గుడ్డ కట్టారు కాబట్టి మనం చూస్తున్నది వెనక తెరే అనుకుంటాం. మనిషి ఆ అద్దాల వెనక కూర్చుని తల మాత్రం పైకి పెడతాడు.

పొద్దున్నే గాలి లేనప్పుడు బాబును కాలవ గట్టుకు తీసుకెళ్లండి. కొబ్బరిచెట్లు నీళ్లలో తలకిందులుగా ఎంత స్పష్టంగా కనపడతాయంటే, ఆ నీడ కింద అడుగున ఏముందో తెలియదు, ఒక చేప ఎగిరి అల లేస్తే గానీ అక్కడ నీళ్లున్నాయన్న సంగతే గుర్తురాదు. డేరాలో అద్దమూ అంతే, మీద వేలిముద్ర పడిందంటే ఆట పాడవుతుంది. తాడు కట్టి దగ్గరకు రానివ్వకపోవడానికి కారణం ఇదే, పాము కాటేస్తుందని కాదు. రెండడుగులు ముందుకు వేస్తే మీ కాళ్లు ఆ అద్దంలో పడతాయి. దీపం మసగ్గా ఉండటం, నిలబడకుండా జనాన్ని ముందుకు తోసేయడం కూడా ఇందుకే.

కానీ బాబు భయపడింది అద్దం వల్ల కాదు. డేరా బయట మైకులో శాపం కథ చెప్పిన మనిషి వల్ల. టికెట్ తీసుకునేసరికే ఏం చూడబోతున్నాడో బాబు మనసులో పడిపోయింది, లోపల కళ్లు దానికోసమే వెతికాయి. ఏ ఇంద్రజాలంలోనైనా సగం పని మాటే చేస్తుంది.

ప్రశ్న: టీవీలో, ఫోన్‌లో వచ్చే మ్యాజిక్ అంతా కెమెరా పనేనా? స్టేజీ మీద చేసేవాళ్లే అసలైనవాళ్లని మా ఫ్రెండ్స్ అంటారు. పేకముక్కల ట్రిక్కుల రహస్యం కూడా చెప్పగలరా? (డిగ్రీ విద్యార్థి, భీమవరం)

జవాబు: కెమెరాకు ఒకటే కన్ను తమ్ముడూ, అది ఎటు చూస్తే మనమూ అటే చూడాలి. పదిమంది మీద ప్రయత్నించి, కుదిరిన ఒక్కసారి చూపించవచ్చు, ఆశ్చర్యపోయే జనంలో ముందే మాట్లాడి పెట్టుకున్నవాళ్లు ఉండవచ్చు. ఇలాంటివి జరుగుతాయి. అయినా టీవీలో చేసినంత మాత్రాన కెమెరా మాయేనని కొట్టిపారేయకు. 1956 ఏప్రిల్ 9న మన దేశపు ఇంద్రజాలికుడు పి.సి. సర్కార్ బీబీసీ టీవీ కార్యక్రమంలో ఒక అమ్మాయిని రంపంతో రెండుగా కోసే ఆట చేశాడు. ఆ వెంటనే ఆమె లేవలేదు, ఇంతలో ప్రోగ్రాం ముగిసిపోయింది. ఆమె చచ్చిపోయిందనుకుని జనం బీబీసీకి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. అక్కడ కెమెరా చేసిన మాయేమీ లేదు, సరైన చోట ఆట ఆగింది.

నేను పదో తరగతిలో ఉండగా రూపాయి బిళ్ల మాయం చేయడం నేర్చుకున్నాను. చేతి పని రెండు వారాల్లో వచ్చింది, ఆ తర్వాత మూడు నెలలు నా కళ్లను అదుపులో పెట్టుకోవడానికి పట్టింది. బిళ్ల దాచిన చేతి వంక నా చూపు పోయేది, ఎదుటివాళ్ల చూపూ వెంటనే అక్కడికే వచ్చేది. ఖాళీ చేతిని నేను నిజంగా నమ్మి చూసిన రోజున వాళ్లూ నమ్మారు. 1999లో సైమన్స్, చాబ్రిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమని ఒక వీడియో చూపిస్తే, మధ్యలోకి గొరిల్లా వేషంలో ఒకరు వచ్చి వెళ్లడాన్ని దాదాపు సగంమంది గమనించనే లేదు. వాళ్ల కళ్లు బాగానే ఉన్నాయి, ధ్యాస లెక్క మీద ఉంది. ఇంద్రజాలికుడు మనకు అలాంటి లెక్కే ఒకటి అప్పజెబుతాడు, లేదా నవ్విస్తాడు, ఆ నవ్వులో చేయాల్సింది చేసేస్తాడు. ఇంటికెళ్లి చెప్పేటప్పుడు "ఆయన ముక్క ముట్టుకోనేలేదు" అంటాం, ముట్టుకున్నాడు, మనకే గుర్తులేదు.

పేకముక్కల రహస్యం మాత్రం చెప్పను. నాగకన్య సంగతి పాతది, పైగా పిల్లాడు భయపడ్డాడు కాబట్టి చెప్పాను. ముక్కల మీద ఈరోజు కూడా బతుకుతున్నవాళ్లు ఉన్నారు. నేర్చుకోవాలని ఉంటే ఒక గురువు దగ్గర కూర్చో.

ప్రశ్న: ఒకాయన పిడుగు పడిన రాగి చెంబు ఉందని, అది బియ్యం గింజల్ని లాగుతుందని, కోట్లు పలుకుతుందని చెబుతున్నాడు. టెస్టింగ్ ఖర్చులకు రెండు లక్షలు పెట్టమంటున్నాడు. మా బావమరిది గింజలు లాగడం కళ్లారా చూశాడండి. ధాన్యం డబ్బులు చేతిలో ఉన్నాయి, టెన్షన్‌గా ఉంది. (రైతు, మండపేట)

జవాబు: ఒక్క రూపాయి ఇవ్వకండి. మీ బావమరిది చూసింది నిజమే, గింజలు కదిలాయి. రాగి బియ్యాన్ని లాగదు, పిడుగు పడినా లాగదు. ఆ గింజల్లో ఇనుము దూర్చి ఉంటారు, చెంబులో అయస్కాంతం ఉంటుంది. ఫ్రెంచి ఇంద్రజాలికుడు రాబర్ట్ హౌడిన్ 1856లో అల్జీరియాలో ఇదే వాడాడు. చిన్న పెట్టె అడుగున ఇనుము, స్టేజీ కింద విద్యుత్ అయస్కాంతం. కరెంటు పెట్టగానే బలమైన మొనగాడు కూడా ఆ పెట్టెను ఎత్తలేకపోయాడు. స్టేజీ మీద అది ఆట. మీ దగ్గర చేస్తున్నది దోపిడీ, ఇది చాలా ఊళ్లలో రైస్ పుల్లింగ్ పేరుతో కుటుంబాల్ని ముంచింది.

మీకు నమ్మకం కుదరడానికి, మీ ఇంటి డబ్బాలోంచి గుప్పెడు బియ్యం తీసుకుని మీ చేత్తోనే ఆ చెంబు దగ్గర పెడతానని చెప్పి చూడండి. ముహూర్తం కాదంటాడు, లేదా వేరే బియ్యం పనికిరాదంటాడు. బావమరిది ఇప్పటికే ఏమైనా ఇచ్చి ఉంటే, డబ్బు పంపిన వివరాలూ ఫోన్‌లో మెసేజ్‌లూ చెరిపేయకుండా ఈరోజే పోలీస్ స్టేషన్‌కు వెళ్లమనండి.