చలికాలంలో జట్టు కూర్పు: బాల్టిమోర్ ఓరియోల్స్ గురించి పాఠకుల ప్రశ్నలు

బేస్‌బాల్ మీద ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే జట్టు చుట్టూ తిరిగాయి. 2023లో 101 ఆటలు గెలిచి, ఎదిగివచ్చే కుర్రాళ్ళతో ఎంతో ఆశ కల్పించిన బాల్టిమోర్ ఓరియోల్స్, రెండేళ్ళు తిరిగేసరికి 75 విజయాలకు పడిపోవడం చాలామందిని కలతపెట్టింది. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి వల్ల బేస్‌బాల్ చూడటం అలవాటైంది. సీజన్ ముగిసిన కొద్ది రోజులకే, నవంబరులోనే జట్లు కొందరిని ఎందుకు వదులుకుంటాయి? నలభై మంది జాబితా అని అందరూ అంటున్నది ఏమిటి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మైదానంలోకి దిగగలిగే జట్టులో 26 మంది ఉంటారు. దాని వెనుక, ఇతర జట్లు ముట్టుకోవడానికి వీల్లేకుండా క్లబ్బు రక్షించుకున్న పెద్ద జాబితాలో 40 మంది ఉంటారు. మేజర్ లీగ్‌కు కింది స్థాయి అయిన మైనర్ లీగుల్లో ఆడే మిగతా కుర్రాళ్ళు ఈ జాబితా బయట ఉంటారు. 18 ఏళ్ళకో అంతకు ముందో ఒప్పందం చేసుకున్న కుర్రాడిని సుమారు ఐదు సీజన్ల తర్వాత, 19 దాటి చేరినవాడిని నాలుగు సీజన్ల తర్వాత ఆ నలభైలో చేర్చుకోవాలి. లేకపోతే డిసెంబరులో జరిగే "రూల్ 5" డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా ఆటగాళ్ళను ఎంచుకునే ప్రక్రియలో) మరో జట్టు లక్ష డాలర్లు చెల్లించి అతణ్ని తీసుకుపోవచ్చు. అలా తీసుకున్న జట్టు మరుసటి సీజన్ అంతా అతణ్ని తన మేజర్ లీగ్ జట్టులోనే ఉంచుకోవాలి, వద్దనుకుంటే పాత జట్టుకు సగం ధరకు తిరిగి ఇవ్వజూపాలి. కనుక నవంబరులో ఒక కుర్రాడికి చోటు ఇవ్వడమంటే మరొకరి చోటు ఖాళీ చేయడమే.

ఓరియోల్స్ చరిత్రలోనే ఇందుకు మంచి ఉదాహరణ ఉంది. 2016 డిసెంబరులో క్లీవ్‌లాండ్ తన నలభైలో చేర్చుకోని ఆంథనీ శాంటాండర్ అనే 22 ఏళ్ళ వెనెజ్వెలా కుర్రాణ్ని బాల్టిమోర్ ఇదే డ్రాఫ్ట్‌లో తెచ్చుకుంది. అతడు 2024లో 44 హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) కొట్టాడు. ఒక జట్టు చలికాలంలో చూపిన చిన్న ఏమరుపాటు మరో జట్టుకు ఎనిమిదేళ్ళ పంటగా మారింది.

ప్రశ్న: మేము బాల్టిమోర్‌కు దగ్గరలో ఉంటాము, పిల్లలతో కలిసి ఓరియోల్స్ మైదానం కామ్డెన్ యార్డ్స్‌కు తరచూ వెళ్తుంటాము. ఇంతమంది ప్రతిభావంతులైన కుర్రాళ్ళు ఉండి కూడా ఈ జట్టు ఎందుకు కూలిపోయింది? ఇద్దరు కుర్రాళ్ళను ఇచ్చి పిచర్ (బంతి విసిరేవాడు) కార్బిన్ బర్న్స్‌ను తెచ్చి, ఒక్క ఏడాదికే అతణ్ని పోగొట్టుకోవడం తప్పు కాదా?
– ఒక పాఠకురాలు, ఎల్లికాట్ సిటీ, మేరీల్యాండ్

జవాబు: అమ్మా, బర్న్స్ మార్పిడి తప్పు కాదని నా దృఢమైన అభిప్రాయం. తప్పు దాని తర్వాతి చలికాలంలో జరిగింది, దాని వేర్లు మాత్రం ఇంకా వెనుక ఉన్నాయి.

2018లో ఈ జట్టు 115 ఆటలు ఓడిపోయింది. ఆ నవంబరులో జట్టు కూర్పు బాధ్యత చేపట్టిన మైక్ ఎలైయస్, గెలవడం కోసం తొందరపడకుండా, కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే వార్షిక డ్రాఫ్ట్ మీద ఆధారపడి జట్టును మొదటినుంచి కట్టుకొచ్చారు. ఓడిన జట్టుకు అప్పట్లో డ్రాఫ్ట్‌లో ముందు వరుస దక్కేది కాబట్టి 2019లో ఆడ్లీ రచ్‌మన్, 2020లో హెస్టన్ కెర్‌స్టాడ్, 2021లో కోల్టన్ కౌజర్, 2022లో జాక్సన్ హాలిడే వచ్చారు. 2019లోనే రెండో రౌండులో గన్నర్ హెండర్సన్ దొరికాడు. ఈ పేర్లను మరోసారి చదవండి, వీరిలో ఒక్క పిచర్ కూడా లేడు. పిచర్ల మోచేతులు, భుజాలు ఎప్పుడు దెబ్బతింటాయో చెప్పలేము కనుక నమ్మకంగా ఎదిగే బ్యాటర్లను పోగుచేసి, మిగిలినవారిని ఇచ్చి పిచర్లను తెచ్చుకోవాలన్నది వారి ఆలోచన. ఆలోచనలో తర్కం ఉంది, అయితే ఆ రెండో సగాన్ని కూడా అంతే శ్రద్ధగా అమలు చేస్తేనే అది పూర్తవుతుంది.

2023లో 101 విజయాలు వచ్చాయి. 1980 తర్వాత ఈ జట్టు వంద విజయాలు అందుకోవడం అదే మొదలు. ప్లేఆఫ్స్‌లో మాత్రం టెక్సాస్ రేంజర్స్ చేతిలో మూడుకు మూడు ఆటలూ ఓడారు. అప్పుడు, 2024 ఫిబ్రవరి 1న, డి.ఎల్. హాల్, జోయీ ఓర్టిజ్ అనే ఇద్దరినీ ఒక డ్రాఫ్ట్ పిక్‌నూ (డ్రాఫ్ట్‌లో ఒకరిని ఎంచుకునే వంతునూ) మిల్వాకీకి ఇచ్చి, 2021లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ పురస్కారం పొందిన బర్న్స్‌ను తెచ్చుకున్నారు. అతని ఒప్పందంలో ఒక్క ఏడాదే మిగిలి ఉందని అందరికీ తెలుసు. అతడు 15 ఆటలు గెలిపించాడు, ప్లేఆఫ్స్ తొలి ఆటలో కాన్సస్ సిటీ మీద ఎనిమిది ఇన్నింగ్స్ విసిరి ఒకే ఒక్క పరుగు ఇచ్చాడు. ఆ ఆట 1–0తో పోయింది, మర్నాడు 2–1తో ఇంటిముఖం పట్టారు. రెండు ఆటల్లో కలిపి ఒక్క పరుగు చేసిన బ్యాటర్లను వదిలి, ఆ మార్పిడిని తప్పుపట్టడం న్యాయంగా ఉండదు.

ఆ చలికాలంలో బర్న్స్ ఆరేళ్ళకు 21 కోట్ల డాలర్ల ఒప్పందంతో అరిజోనాకు, శాంటాండర్ ఐదేళ్ళకు 9.25 కోట్ల డాలర్లతో టొరంటోకు వెళ్ళిపోయారు. అప్పటికే కైల్ బ్రాడిష్, టైలర్ వెల్స్ మోచేతి శస్త్రచికిత్సలతో కూర్చుని ఉన్నారు. పిచింగ్ బలం అంత తగ్గిన సమయంలో బాల్టిమోర్ 41 ఏళ్ళ చార్లీ మోర్టన్‌కు 1.5 కోట్ల డాలర్లు, జపాన్ నుంచి వచ్చిన 35 ఏళ్ళ తొమోయుకి సుగానోకు 1.3 కోట్ల డాలర్లు ఇచ్చి ఒక్కో ఏడాదికి తీసుకుంది. బర్న్స్ ఖాళీని ఒక్కో ఏడాది ఒప్పందాలతో, ఆ వయసువారితో పూడ్చాలనుకోవడం నాకు అప్పుడూ సరిగా తోచలేదు. తరువాత గ్రేసన్ రోడ్రిగెజ్ కూడా గాయాలతో 2025 అంతా మేజర్ లీగ్‌లో ఒక్క బంతి వేయలేకపోయాడు. జట్టు 15 గెలిచి 28 ఓడిన దశలో, మే నెలలో మేనేజర్ బ్రాండన్ హైడ్‌ను తొలగించారు. ఆ చలికాలం చేసిన ఎంపికల బరువు చాలావరకు ఆయన భుజాల మీద పడింది.

ఒక మాట ఒప్పుకోవాలి. 2025 జూన్‌లో బర్న్స్‌కు కూడా మోచేతి శస్త్రచికిత్స జరిగింది. కాబట్టి అతణ్ని 21 కోట్లకు అట్టిపెట్టుకుని ఉండాల్సిందని నేను అనడం లేదు. మైనర్ లీగుల్లో బ్యాటర్లు కిక్కిరిసి ఉన్నప్పుడు, వారిలో ఇద్దరు ముగ్గురిని ఇచ్చి, రెండు మూడేళ్ళు చేతిలో ఉండే మరో పిచర్‌ను ఆ చలికాలమే తెచ్చుకోవాల్సింది. అప్పట్లో దేశమంతటా ఎంతో విలువ పలికిన కెర్‌స్టాడ్ 2025లో తడబడి మైనర్లకు తిరిగి వెళ్ళాడు. ఎదిగే కుర్రాడి ధర ఎప్పుడూ ఒకేలా ఉండదు. అతణ్ని ఆడించకుండా, ఇవ్వకుండా అట్టిపెట్టుకున్న ప్రతి నెలా అది మారుతూనే ఉంటుంది.

ప్రశ్న: ఇదంతా మన ఐపీఎల్ వేలంలాంటిదేనా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: కాదు. వేలం లేదు, ఖర్చు మీద గట్టి పరిమితి లేదు, హద్దు దాటితే పన్ను మాత్రం ఉంటుంది. అయితే కుర్రాడి జీతం పెరిగే తీరు కొంత పోలుతుంది. విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సన్‌రైజర్స్‌లో 20 లక్షల రూపాయలతో మొదలై 2025కు 6 కోట్లతో రిటెయిన్ అయినట్టే, ఇక్కడ కూడా మొదటి మూడేళ్ళు దాదాపు కనీస జీతానికే ఆడినవాడు (2025లో అది 7,60,000 డాలర్లు) ఆ తర్వాత ఏటా మధ్యవర్తిత్వ పద్ధతిలో పెంపు పొందుతాడు, ఆరేళ్ళు నిండాక ఫ్రీ ఏజెంట్ (ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోగలవాడు) అవుతాడు.

ప్రశ్న: ఒక కుర్రాడు సిద్ధంగా ఉన్నాడని అందరూ అంటున్నా జట్లు అతణ్ని మైనర్లలోనే ఎందుకు ఉంచుతాయి? అది అతనికి అన్యాయం కాదా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కొన్నిసార్లు అన్యాయమే. పైన చెప్పిన ఆరేళ్ళ లెక్కలో, మేజర్ లీగ్ జాబితాలో 172 రోజులు గడిపితే ఒక ఏడాది కింద లెక్క. సీజన్ సుమారు 187 రోజులు ఉంటుంది. 2015లో షికాగో కబ్స్ క్రిస్ బ్రయంట్‌ను ఏప్రిల్ 17 వరకు పిలవకపోవడంతో అతనికి ఆ ఏడాది 171 రోజులే దక్కాయి. ఒక్క రోజు తక్కువైనందుకు అతని స్వేచ్ఛ ఏడాది వెనక్కి పోయింది. అతడు చేసిన ఫిర్యాదు 2020లో వీగిపోయింది. నిబంధన దాటలేదు గనుక అది జట్టుకు చెల్లింది, అయినా పని సిద్ధంగా ఉన్న మనిషిని పద్దు కోసం గుమ్మం బయట నిలబెట్టడం నాకు నచ్చదు.

జట్ల యజమానులకూ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య కుదిరిన 2022 ఒప్పందం దీన్ని కొంత సరిదిద్దింది. ఆశాజనకుల జాబితాల్లో పైన ఉన్న కుర్రాణ్ని సీజన్ మొదటినుంచీ ఆడించి, అతడు ఉత్తమ నూతన ఆటగాడి పురస్కారం గెలిస్తే, జట్టుకు ఒక అదనపు డ్రాఫ్ట్ పిక్ దక్కుతుంది. 2023లో హెండర్సన్ గెలిచినప్పుడు బాల్టిమోర్‌కు అలా ఒకటి దక్కింది. అలాగే ఆ పురస్కారంలో మొదటి రెండు స్థానాల్లో నిలిచినవాడికి, ఆలస్యంగా వచ్చినా పూర్తి ఏడాది లెక్క వేస్తారు. 2022 మే 21న వచ్చిన రచ్‌మన్ రెండో స్థానంలో నిలిచి ఈ మేలు పొందాడు.

అయితే తొందరపాటు వల్ల కూడా నష్టం ఉంది. హాలిడే 2024 ఏప్రిల్ 10న, ఇరవయ్యేళ్ళ వయసులో వచ్చాడు. పది ఆటల్లో 34 సార్లు బ్యాట్ పట్టి రెండంటే రెండు హిట్లు కొట్టి, 18 సార్లు స్ట్రయిక్‌ఔట్ అయ్యి మైనర్లకు తిరిగి వెళ్ళాడు. జూలై 31న మళ్ళీ పిలిచిన రోజే గ్రాండ్‌స్లామ్ (నాలుగు పరుగులు తెచ్చే హోమ్ రన్) కొట్టాడు. ఆ పది ఆటలతో అతణ్ని కొట్టిపారేసినవారు, ఆ ఒక్క దెబ్బతో అతణ్ని ఆకాశానికెత్తినవారు, ఇద్దరూ తొందరపడ్డారనే నేననుకుంటాను. ఆ వయసు కుర్రాడికి వరుసగా వందల సార్లు బ్యాట్ పట్టే అవకాశం కావాలి. వారానికి రెండు రోజులు బెంచీ మీది నుంచి లేపి ఆడిస్తే అతనికీ ఏమీ తెలియదు, జట్టుకీ ఏమీ తెలియదు.

ప్రశ్న: బ్యాటర్ కైల్ స్టవర్స్‌ను పిచర్ ట్రెవర్ రోజర్స్ కోసం ఇచ్చేయడం అవివేకమని మా మిత్రులంటారు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీ మిత్రులు ఆ మాట ఏ నెలలో అన్నారో చెప్పలేదు, ఇక్కడ అదే ముఖ్యం. 2024 జూలై 30న స్టవర్స్‌నూ కానర్ నోర్బీనీ మయామీకి ఇచ్చి రోజర్స్‌ను తెచ్చారు. రోజర్స్ నాలుగు ఆటల్లో చాలా పరుగులిచ్చి మైనర్లకు వెళ్ళాడు. 2025 వేసవిలో స్టవర్స్ ఆల్‌స్టార్ ఆటకు ఎంపికయ్యాడు. అప్పటికి అది దారుణమైన బేరంగా కనిపించింది. అదే ఏడాది కోలుకుని వచ్చిన రోజర్స్ 18 ఆటలు మొదలుపెట్టి, తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.81 పరుగులే ఇచ్చాడు. ఇప్పుడు రెండు జట్లకూ అందినది విలువైనదే. బాల్టిమోర్‌లో చోటు దొరకని స్టవర్స్‌కు మయామీలో రోజూ ఆడే వీలు దొరికింది, అతని ఎదుగుదలలో ఆ చోటు పాత్ర చిన్నది కాదు.

ప్రశ్న: మరి ఈ చలికాలంలో (2025–26) ఓరియోల్స్ పాఠం నేర్చుకున్నట్టేనా?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: చాలావరకు నేర్చుకున్నారనే అనిపిస్తోంది. న్యూయార్క్ మెట్స్‌ను వీడిన పీట్ అలోన్సోకు ఐదేళ్ళకు 15.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఎలైయస్ కాలంలో ఈ జట్టు బయటి ఆటగాడి మీద ఇంత పెట్టిన సందర్భం మరొకటి లేదు. టాంపా బే నుంచి షేన్ బాజ్ అనే పిచర్‌ను నలుగురు కుర్రాళ్ళూ ఒక డ్రాఫ్ట్ పిక్కూ ఇచ్చి తెచ్చారు. తెచ్చేనాటికి అతనికి ఇంకో మూడు సీజన్లు మిగిలి ఉన్నాయి. ఆ నలుగురిలో ఒకడు కేడెన్ బోడైన్. బర్న్స్, శాంటాండర్ వెళ్ళిపోయినందుకు దక్కిన రెండు అదనపు పిక్‌లలో ఒకదానితో 2025లో తీసుకున్న క్యాచర్ (పిచర్ విసిరిన బంతిని అందుకునేవాడు) అతడు. అంటే బర్న్స్ చోటును పూడ్చే పని, ఏడాది ఆలస్యంగానైనా, అతని, శాంటాండర్‌ల నిష్క్రమణ వల్ల వచ్చిన పిక్‌తోనే కొంత జరిగింది.

నాకు ఇబ్బందిగా ఉన్నది రోడ్రిగెజ్‌ను ఏంజెల్స్‌కు ఇచ్చి టేలర్ వార్డ్‌ను తేవడం. వార్డ్ 2025లో 36 హోమ్ రన్లు కొట్టాడు, సందేహం లేదు. అయితే అతనికి మిగిలింది ఒక్క ఏడాది, రోడ్రిగెజ్‌కు నాలుగేళ్ళు. ఆ పిచర్ చేయి ఎలా ఉందో వైద్యులకు తెలిసినంత మనకు తెలియదు కనుక తీర్పు ఇవ్వను. కానీ పిచర్లు కరువైన జట్టు పిచర్‌ను ఇచ్చి బ్యాటర్‌ను తేవడం చూసినప్పుడు పాత అలవాటు ఇంకా పోలేదేమో అనిపిస్తుంది.

ఇక మిగిలింది క్యాచర్ల విషయం. 2025 ఆగస్టులో, మేజర్ లీగ్‌లోకి వచ్చిన వారం తిరగకుండానే, 21 ఏళ్ళ సామ్యుయెల్ బసాయోకు ఎనిమిదేళ్ళకు 6.7 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చారు. ఎలైయస్ పెంచిన కుర్రాళ్ళలో ఇంత దీర్ఘమైన ఒప్పందం పొందిన మొదటివాడు అతడే. అదే స్థానంలో ఆడే రచ్‌మన్‌కు 2027 తర్వాత స్వేచ్ఛ వస్తుంది, గత సీజన్ అతనికి గాయాలతో గడిచింది. విలువ తగ్గి ఉన్న ఈ చలికాలంలో అతణ్ని మార్చుకోవడం నష్టం. అలోన్సో మొదటి బేస్ దగ్గర ఉంటాడు కనుక, బసాయోను కొన్ని రోజులు క్యాచర్‌గా, కొన్ని రోజులు కేవలం బ్యాటర్‌గా రోజూ ఆడిస్తూ, రచ్‌మన్‌ను 2026 వేసవి వరకు చూడాలని నా అభిప్రాయం. అతడు కోలుకుంటే ఉంచుకోవడానికి ఒప్పందం మాట్లాడాలి, కుదరదని తేలితే 2027 చలికాలం వరకు ఆగకుండా 2026 చివరనే ఒక పిచర్ కోసం ఇవ్వాలి.